పాత వీణ, పాత వయొలిన్, పాత గిటార్: మన వైపు ఏది కొనాలి, ఏది వద్దు

సంగీతం నేర్చుకోవాలనుకున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ చర్చ వస్తుంది. కొత్త వాయిద్యం కొనాలా, ఎవరి దగ్గరో ఉన్న పాతది తీసుకోవాలా? విజయనగరంలో అయితే ఈ చర్చ ఇంకాస్త గట్టిగా జరుగుతుంది. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అప్పుడే వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వేంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. ఇంత సంగీతం నడిచిన ఊరు కాబట్టి, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అటక మీద వయొలిన్ పెట్టె, గోడవార గుడ్డ కప్పిన వీణ కనిపిస్తుంటాయి. శ్రీకాకుళం వైపు ఇళ్లలోనూ అంతే. అవి అమ్మకానికి వస్తాయి, లేదా "మీ అమ్మాయి నేర్చుకుంటోందట కదా, తీసుకెళ్లండి" అని చేతికొస్తాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. పాత వీణ దొరికితే ధైర్యంగా ఆలోచించండి. పాత వయొలిన్ అయితే తెలిసినవాళ్లకి చూపించాకే డబ్బులివ్వండి. గిటార్ మాత్రం, మొదటిది అయితే, కొత్తదే కొనండి.

ఎందుకంటే పాతదనం ఒక్కటే గొప్ప కాదు. విప్పి మళ్లీ కట్టడానికి వీలుగా తయారైన వాయిద్యానికే వయసు కలిసొస్తుంది. అలా విప్పి కట్టే చెయ్యి మనకి ఎంత దూరంలో ఉందన్నది రెండో సంగతి. ఈ రెండూ చూసుకుంటే మన రెండు జిల్లాల్లో లెక్క చాలా తేలిగ్గా తేలుతుంది.

అయితే పాత వాయిద్యాల మీద మోజు ఉత్త భ్రమ అని నేను అనను. కర్రలో మార్పు నిజంగానే వస్తుంది. చెట్టు కొట్టి ఆరబెట్టాక కూడా కర్ర లోపలి పదార్థాలు ఏళ్ల తరబడి మెల్లగా విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. ముఖ్యంగా హెమిసెల్యులోజ్ అనేది తగ్గుతుంది. అది తగ్గేకొద్దీ కర్ర గాలిలో తేమని తక్కువ పీలుస్తుంది, బరువు తగ్గుతుంది, గట్టిదనం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. తేలికైన గట్టి చెక్క తొందరగా పలుకుతుంది. ఈ మార్పు కోసం ఏళ్లు ఆగలేక ఇప్పుడు కొన్ని గిటార్ కంపెనీలు పై చెక్కని ఆక్సిజన్ లేకుండా వేడిచేసి వాడుతున్నాయి. దాన్ని టోరిఫైడ్ టాప్ అంటారు.

ఇది సగం కథే. రెండో సగం ఏమిటంటే, పాతకాలంలోనూ నాసిరకం వాయిద్యాలు బోలెడు తయారయ్యాయి. అవి విరిగిపోయాయి, పొయ్యిలోకి పోయాయి. బాగా పలికేవాటినే మనుషులు దాచుకున్నారు. అందుకే ఇవాళ మన కంటపడే పాతవాటిలో మంచివి ఎక్కువగా అనిపిస్తాయి. క్లాడియా ఫ్రిట్జ్ అనే శాస్త్రవేత్త బృందం పేరున్న వయొలిన్ వాద్యకారులకి కళ్లు కనపడకుండా చేసి, స్ట్రాడివేరియస్‌లాంటి పాత ఇటాలియన్ వయొలిన్లూ కొత్త వయొలిన్లూ ఇచ్చి వాయింపజేసింది. 2014లో ప్రచురించిన ఫలితాల్లో పదిమంది సోలోయిస్టుల్లో ఆరుగురు కొత్త వయొలిన్‌నే ఎంచుకున్నారు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది కూడా వాళ్లు నమ్మకంగా చెప్పలేకపోయారు. కాబట్టి "పాతది, కాబట్టి మంచిది" అని అమ్మేవాళ్లు చెబితే, ఆ మాటకి విడిగా డబ్బు కట్టకండి. వాయించి వినండి.

ముందు గిటార్ సంగతి. కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. యూట్యూబ్‌లో వింటేజ్ గిటార్ల ధరలు చూసి, సంతలోనో పాతసామాన్ల కొట్లోనో కనిపించిన దుమ్ముపట్టిన గిటార్ కూడా అదే కోవలోది అనుకుంటారు. ఆ ఖరీదైన గిటార్ల పేరుకి వేరే కారణాలున్నాయి. 1958 నుంచి 1960 వరకు గిబ్సన్ కంపెనీ చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ అనే రకం గిటార్లు చాలా కొద్ది. ఫెండర్ అనే గిటార్ కంపెనీని 1965లో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ కొనుక్కుంది. తర్వాత పనితనం తగ్గిందని వాయించేవాళ్లు నమ్మారు కాబట్టి, అంతకుముందు చేసినవాటికి గిరాకీ పెరిగింది. మార్టిన్ గిటార్లలో పై చెక్క కింద ఉండే బద్దీలని 1944 దాకా చెక్కి సన్నగా చేసేవారు, తర్వాత బరువుగా వదిలేశారు. 1969 దాకా వాళ్లు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడారు. ఆ చెట్టుని 1992లో అంతర్జాతీయ వ్యాపార నిషేధ జాబితాలో పెట్టారు. అంటే ఒక్కొక్క గిటార్ వెనక ఒక్కొక్క ప్రత్యేకమైన సంగతి ఉంది. కేవలం వయసుకి ఆ ధర రాలేదు.

మన దగ్గర దొరికే పాత గిటార్ల దారి వేరు. మన ఊళ్లు హౌరా లైను మీద ఉన్నాయి. కలకత్తాలో తయారైన గివ్‌సన్ (పైన చెప్పిన గిబ్సన్ కాదు) లాంటి గిటార్లు ఒకప్పుడు ఇటువైపు చర్చి క్వాయర్లలో, ఆర్కెస్ట్రా పార్టీల్లో బాగా తిరిగాయి. వాటి మీద ఎంతోమంది పాట నేర్చుకున్నారు, ఆ గౌరవం వాటికి ఉండాల్సిందే. కానీ ఆ కాలపు చవక రకాల్లో చాలావాటికి పై చెక్క ప్లైవుడ్. నేను పైన చెప్పిన మార్పు ఒకే పలక నుంచి కోసిన చెక్కలో బాగా తెలుస్తుంది. పొరలు పొరలుగా జిగురుతో అంటించిన ప్లైవుడ్‌లో పెద్దగా తెలియదు. సౌండ్ హోల్ అంచు దగ్గర చూస్తే మీకే అర్థమవుతుంది. పైనుంచి కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా కిందికి అలాగే దిగితే ఒకే పలక. అంచులో అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లై.

అసలు కష్టం మెడ దగ్గర వస్తుంది. స్టీల్ తీగలు ఆరూ శృతి చేసి బిగిస్తే గిటార్ మీద దాదాపు 70 కిలోల లాగుడు పడుతుంది. నైలాన్ తీగలైతే 40 కిలోల దగ్గర. ఆ లాగుడు రోజూ పడుతూ ఉంటే కొన్నేళ్లకి మెడ ముందుకి వంగుతుంది, బ్రిడ్జ్ (గుల్ల మీద తీగలు కట్టే చెక్క) వెనక చెక్క ఉబ్బుతుంది. అప్పుడు తీగలు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) నుంచి ఎత్తుగా లేచిపోతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 2.5 మిల్లీమీటర్లు ఉంటే హాయి. 4 మిల్లీమీటర్లు దాటితే కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్లు కోసుకుపోతాయి. రెండు వారాలకే గిటార్ మూల పడుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం పిల్లాడికి శ్రద్ధ లేదంటారు.

దాన్ని సరిచేయాలంటే మెడ ఊడదీసి కోణం మార్చి మళ్లీ అతికించాలి. ఖరీదైన గిటార్‌కైతే ఆ పని చేయించడంలో అర్థం ఉంది. మామూలు గిటార్‌కి రిపేరు ఖర్చు దాని ధర దాటిపోతుంది. పైగా ఆ పని తెలిసినవాళ్ల కోసం విశాఖపట్నం దాటి వెతుక్కోవాల్సిన పరిస్థితి. ఫ్రెట్లు అరిగితే అవీ చెక్కలో దిగ్గొట్టినవే, ఊడదీయడం తేలిక కాదు. విప్పి కట్టడానికి వీలు లేని వాయిద్యం అన్నది ఇందుకే.

ఇంకా గిటార్ చెక్కకి గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఉంటే సుఖం. సముద్రం పక్కన ఉన్న మనకి వానాకాలంలో 80 శాతం దాటిపోవడం మామూలే. అలాంటి గాలిలో సరైన పెట్టె కూడా లేకుండా ఇరవై ఏళ్లు గడిపిన గిటార్‌ని అలా గడిపినట్టే చూడాలి. ఉద్దానం వైపు, పలాస, సోంపేట వైపు కొంటుంటే ఇంకో మాట కూడా అడగండి. 2018 తిత్లీ తుఫానప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చాయా అని. ఫోన్ లైట్ వేసి లోపల చూడండి. కింది చెక్క మీద నీటి మరక గీత ఉన్నా, లోపలి బద్దీలు ఎక్కడైనా లేచినా వదిలేయండి.

ఇంత చెప్పాక కూడా పాత గిటార్ మీద మనసు పోతే, కొనే ముందు ఇవి చూడండి. తల వైపు నుంచి మెడని ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూడాలి. బ్రిడ్జ్ కింద కాగితం ముక్క దూరుతుందా చూడాలి, దూరితే లేస్తున్నట్టే. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కకుండా తాకి మోగించి, తర్వాత నొక్కి మోగించండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. తేడా ఎక్కువగా ఉంటే ఎంత శృతి చేసినా పాట తప్పుగానే పలుకుతుంది. ఇవన్నీ బాగుండి, పై చెక్క ఒకే పలక అయితే, ఇప్పటికే వాయించడం వచ్చినవాళ్లు రెండో గిటార్‌గా తీసుకోవచ్చు.

వయొలిన్‌కి వచ్చేసరికి నా మాట మెత్తబడుతుంది. వయొలిన్ తయారయ్యే పద్ధతే వేరు. పై చెక్క స్ప్రూస్, వెనక చెక్క మేపుల్, వాటిని జంతువుల తోలు నుంచి తీసిన జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు వేడికీ తేమకీ వదులుతుంది. అందువల్ల తెలిసిన పనివాడు పై చెక్క నెమ్మదిగా ఊడదీసి, లోపల బాగుచేసి, మళ్లీ అతికించగలడు. వందేళ్ల వయొలిన్ కూడా ఇవాళ కచేరీలో మోగడానికి కారణం అదే. తీగలు, వాటిని ఎత్తిపట్టే గుర్రం, వాటిని బిగించే బిరడాలు, లోపల నిలబెట్టే చిన్న కర్ర (సౌండ్ పోస్ట్), అన్నీ మార్చుకోదగ్గవే.

అటక మీద దొరికిన వయొలిన్ లోపల ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి చూస్తే చాలాసార్లు ఒక చీటీ కనిపిస్తుంది. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్" అని, పక్కన పదిహేడు వందల ఏదో సంవత్సరం. ఆ చీటీ చూసి గుండె వేగం పెంచుకోకండి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని మార్క్‌న్యూకిర్షెన్, ఫ్రాన్స్‌లోని మిరెకూర్ లాంటి ఊళ్లలో వయొలిన్లు పెద్ద ఎత్తున చేసి, ఏ నమూనాని చూసి చేశారో చెప్పడానికి ఆ చీటీ అంటించేవారు. కానీ వాటిలోనూ బాగా పలికేవి చాలా ఉన్నాయి. ఒకే పలకతో చేసిన చెక్క, మంచి పనితనం, వందేళ్ల ఆరుదల ఉన్న వయొలిన్ నాసిరకం కొత్తదాని కంటే ఎన్నో రెట్లు మేలు. మన సంగీతంలో షడ్జమం, పంచమం లెక్కన తీగల్ని పాశ్చాత్య పద్ధతి కంటే తగ్గు శృతిలో ఉంచి వాయిస్తాం. అలా వదులుగా ఉన్న తీగ మీద కూడా గమకం తేటగా రావాలంటే గుల్ల తేలిగ్గా స్పందించాలి. నా చెవికి ఆ గుణం ఆరిన పాత వయొలిన్లలో ఎక్కువగా వినిపిస్తుంది.

చూడాల్సిన చోట్లు ముఖ్యంగా రెండు. వెనక చెక్క మీద, సౌండ్ పోస్ట్ నిలబడే చోట, పగులు ఉంటే ధర సగానికి తగ్గించినా వద్దు. బలమంతా పడే చోటు అది. పై చెక్క అంచుల దగ్గర అతుకు ఊడితే మాత్రం భయపడక్కర్లేదు, అది బాగయ్యే పని. వేలితో చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వెళ్తే ఊడిన చోట గరగరమని వినిపిస్తుంది. విజయనగరంలో సంగీతం చెప్పే మాస్టారు ఎవరినైనా అడిగి, ఆయనతో ఒక్క పావుగంట వాయింపజేసుకుని విన్నాకే ఒప్పుకోండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకి మాత్రం పాత వయొలిన్ కోసం వెతకొద్దు. వాళ్లకి చిన్న సైజు కావాలి, రెండు మూడేళ్లకి మార్చాలి. చిన్న సైజులో కొత్తది, అదీ మామూలుది, చాలు.

ఇక వీణ. ఈ విషయంలో మనంత అదృష్టవంతులు తక్కువ. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది. అక్కడ తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయి. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా, విజయనగరం నుంచి రాయపూర్ లైను రైల్లో, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. దేశంలో చాలామంది వీణ వాయించేవాళ్లకి లేని సౌకర్యం ఇది. వీణ చేసిన చేతుల వారసులే దాన్ని బాగుచేయగలరు.

బొబ్బిలి వీణ ప్రత్యేకత ఏకాండి. కుండ (నాదం పలికే గుల్ల), దండి (పొడవాటి మెడ) ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. మధ్యలో అతుకు ఉండదు కాబట్టి కుండలో పుట్టిన నాదం దండి చివరిదాకా ఆగకుండా ప్రయాణిస్తుంది. పనస కర్ర తేలిక, చెద తొందరగా పట్టదు, మన తేమని తట్టుకుంటుంది. మన వాతావరణంలో పెరిగిన చెట్టు కర్ర మన వాతావరణంలోనే ముదరడం చిన్న విషయం కాదు. స్ప్రూస్ చెక్క గిటార్ మన ఊళ్లో పడే ఇబ్బంది పనస వీణకి అంతగా ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మేళం. వీణ మీద 24 మెట్లు ఉంటాయి, రెండు స్థాయిలు. వాటిని తేనె మైనం కలిపిన నల్లటి ముద్దలో, చెవితో స్వరం వింటూ ఒక్కొక్కటిగా నిలబెడతారు. ఎండలకి మైనం మెత్తబడి, మెట్లు కాస్త జరిగి, కొన్నేళ్లకి స్వరం పక్కకి పోతుంది. అప్పుడు మైనమంతా తీసేసి మళ్లీ మేళం కట్టిస్తారు. అంటే వీణని చేసినప్పుడే, కొన్నేళ్లకోసారి తిరిగి కట్టాల్సిన వాయిద్యంగా చేశారన్నమాట. గిటార్‌లో ఫ్రెట్లు పాడైతే అది లోపం. వీణలో మేళం పోతే అది మామూలు నిర్వహణ. నలభై ఏళ్ల వీణని మంచి చెయ్యి మేళం కట్టి, తీగలు మార్చి ఇస్తే ముదిరిన పనస కర్ర మీద కొత్త స్వరస్థానాలు దొరుకుతాయి. కొత్త వీణలో అలాంటి నాదం రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఎవరైనా "మేళం పోయిందండీ, అందుకే తక్కువకి ఇస్తున్నాం" అంటే నాకు చాలా సంతోషం. అది బేరానికి అనుకూలమైన లోపం.

మరి భయపడాల్సిన లోపాలు ఏవి? దండి వంగి ఉంటే కష్టం. వీణని నేల మీద పెట్టి, మేరువు (తల వైపు తీగలు ఆనే చోటు) నుంచి గుర్రం దాకా దారం బిగించి పట్టుకుని చూడండి, వంపు తెలుస్తుంది. కుండ మీద పగులు ఉంటే తడుముతూ లోపలిదాకా వెళ్లిందేమో చూడాలి. పైపైన గీత అయితే బాగవుతుంది. కుండ మీద మూసిన పలక గుర్రం కింద కుంగి ఉంటే ఖర్చు ఎక్కువ. బిరడాలు జారిపోతుంటే, తల దగ్గరి సొరకాయ పగిలి ఉంటే, గుర్రం మీది రేకు అరిగి తీగ జీరగా మోగుతుంటే ఇవేవీ పెద్ద విషయాలు కావు. గొల్లపల్లిలో అన్నీ మారుస్తారు. సారణి (మొదటి తీగ) నుంచి అనుమంద్రం (నాలుగో తీగ) దాకా నాలుగు తీగలూ మీటి, నాదం ఎంతసేపు నిలుస్తుందో వినండి. పాత తీగలైనా సరే, సారణి మీద మీటు తొందరగా చచ్చిపోతే కర్రలోనే ఏదో ఉందని అర్థం.

ఒక చట్టం సంగతి కూడా. పాతకాలపు మంచి వీణల మీద ఏనుగు దంతం పని కనిపిస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణల ప్రకారం దంతం కొనడం, అమ్మడం నేరం. జింక కొమ్ముకీ అంతే. అలాంటి వీణ అమ్మకానికి వస్తే ధర ఎంత తక్కువైనా కొనకండి. ఇప్పుడు చేసే వీణలకి ఆ నగిషీ ప్లాస్టిక్‌తోనే వేస్తున్నారు, నాదానికి దానివల్ల తేడా ఏమీ లేదు. అలాగే బొబ్బిలిలో అమ్మే చిన్న బహుమతి వీణలు అల్మారాలో పెట్టుకోవడానికే. నేర్చుకోవడానికని ఎవరైనా అంటగడితే తీసుకోకండి.

వీణ కొత్తది కొనాల్సిన సందర్భం ఒకటుంది. నేర్చుకునే అమ్మాయి చిన్నది, లేదా ఎత్తు తక్కువ అయితే పాత వీణలు బరువుగా, పెద్దగా ఉండి ఒళ్లో కుదరవు. అప్పుడు గొల్లపల్లి వెళ్లి, పిల్లని కూర్చోబెట్టి కొలత చూపించి చేయించుకోండి. "మా పాపకి చెయ్యి ఇక్కడిదాకే అందుతుంది బాబూ" అని చెబితే వాళ్లకి అర్థమవుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు దుంగ ఎన్నాళ్లుగా ఆరింది అని అడగండి. పచ్చి కర్రతో చేసిన వీణ తర్వాత బీటలిస్తుంది. కొంచెం ఆలస్యమైనా ఆరిన దుంగకోసం ఆగడమే మంచిది.

తంబూర గురించి ఒక్క మాట. పాతది దొరికి, సొరకాయ బాగుంటే తీసుకోండి. మెట్లు లేవు, పాడయ్యేది తక్కువ. రోజువారీ సాధనకి ఎలక్ట్రానిక్ శృతిపెట్టె ఉన్నా, నిజమైన తంబూర పక్కన కూర్చుని పాడితే గొంతు నిలబడే తీరే వేరు.

చివరిగా, కొనే ప్రసక్తి లేకుండా ఇంట్లోనే ఉన్న తాతగారిదో అమ్మమ్మదో వాయిద్యం గురించి. దాని విలువ బజారు ధరతో తూచకండి. గిటార్ అయినా సరే, ఒకసారి చూపించండి. బాగుచేయించడానికి వీలు కాకపోతే తీగలు పూర్తిగా వదులు చేసి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. వీలైతే బాగుచేయించండి. రిపేరుకి ఇచ్చే ముందు అన్ని వైపుల నుంచీ, లోపలి చీటీతో సహా, ఫొటోలు తీసుకోండి. మార్చిన పాత బిరడాలు, పాత గుర్రం, పాత మెట్లు పారేయకుండా తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. తర్వాత ఎప్పుడైనా ఇంకో పనివాడికి చూపించాల్సి వస్తే, మొదట అది ఎలా ఉండేదో చెప్పడానికి అవే పనికొస్తాయి.